ఆన్‌లైన్‌లో కొన్నది తేడా వస్తే డబ్బు తిరిగి రాబట్టుకోవడం ఎలా?

గాజువాకలో నేను నడిపే ఆన్‌లైన్ సర్వీసుల షాపుకి పాన్ కార్డు కోసమో, రైలు టికెట్టు కోసమో వచ్చినవాళ్లు పని అయిపోయాక కాసేపు అక్కడే నిలబడతారు. తర్వాత ఫోన్ తీసి కౌంటర్ మీద పెట్టి, "ఇది ఆర్డర్ పెడితే ఇంకోటి వచ్చిందండీ. వాళ్లు ఫోన్ ఎత్తట్లేదు. ఏం చేయాలి?" అంటారు. స్టీల్‌ప్లాంట్ డ్యూటీ దిగి వచ్చిన అన్నయ్యలు, ఇంటర్ పిల్లలు, మనవడితో ఆర్డర్ పెట్టించుకున్న పెద్దావిడలు, అందరిదీ ఇదే ప్రశ్న.

నేను మొదట అడిగేది ఒక్కటే. "ఎన్నిసార్లు ఫోన్ చేశారు?" అంటే "ఇరవై సార్లు చేసుంటాను" అంటారు. "రాసి ఎన్నిసార్లు పంపారు?" అంటే మాట రాదు. ఇరవై ఫోన్లకి చేతిలో ఏమీ మిగలదు. ఒక్క ఈమెయిల్‌కి తేదీ ఉంటుంది, నంబర్ ఉంటుంది, రేపు ఎవరికైనా చూపించొచ్చు. కింద చెప్పే ప్రతి మెట్టు దగ్గరా మీ చేతికి ఒక నంబర్ రావాలి. రాకపోతే ఆ మెట్టు ఎక్కనట్టే లెక్క.

ముందు తేల్చుకోండి: మోసమా, తగాదానా?

ఈ రెండింటికీ దారులు వేరు. ఇక్కడ తప్పుదారి పడితే పోయే ప్రతి గంటా డబ్బే.

ఎవరో ఫోన్ చేసి ఓటీపీ చెప్పించుకున్నా, క్యూఆర్ కోడ్ పంపి "స్కాన్ చేస్తే మీకే డబ్బు వస్తుంది" అని పిన్ కొట్టించినా, స్క్రీన్ షేరింగ్ యాప్ వేయించి ఖాతా ఖాళీ చేసినా అది మోసం. ఈ వ్యాసం మిగతాది తర్వాత చదవండి, ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. పోయిన డబ్బు ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి, అక్కడినుంచి మరో దాంట్లోకి దూకుతూ ఉంటుంది. బయటికి డ్రా చేసేలోపు పట్టుకుంటేనే బ్యాంకు దాన్ని ఆపగలదు. తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు నమోదు చేసి, రసీదు నంబర్ రాసుకోండి.

ఆ వెంటనే మీ బ్యాంకుకి కూడా రాతలో చెప్పండి. 2017 జూలైలో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం, తప్పు మీదీ బ్యాంకుదీ కాకుండా మధ్యలో ఇంకెక్కడో జరిగి, డబ్బు పోయిందని బ్యాంకునుంచి మీకు సమాచారం అందిన 3 పనిదినాల్లో మీరు బ్యాంకుకి చెబితే నష్టం మీ మీద పడదు. ఓటీపీ మీరే చెప్పేసి ఉంటే, బ్యాంకుకి చెప్పేవరకూ పోయింది మీదే, చెప్పిన తర్వాత పోయింది బ్యాంకుది. అందుకే సిగ్గుపడి రాత్రంతా ఆగొద్దు. మా వీధిలో ఒకాయన ఇంట్లో తిడతారని రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఆ రెండు రోజుల్లో మరో రెండుసార్లు డబ్బు పోయింది.

ఎదుటివాడు ఎవరో తెలుసు, వస్తువు తప్పు వచ్చింది, లేదా రాలేదు, రీఫండ్ ఇస్తామని ఇవ్వట్లేదు అంటే అది తగాదా. ఇక్కడినుంచి చదవండి.

దగ్గర పెట్టుకోవలసినవి

ఆర్డర్ నంబర్, బిల్లు, డబ్బు కట్టిన రుజువు (యూపీఐ అయితే 12 అంకెల లావాదేవీ నంబర్), మీరు రోజూ చూసే ఈమెయిల్, చార్జింగ్ ఉన్న ఫోన్. వీటితోపాటు ఒక నోట్‌బుక్. ఫోన్‌లో కాదు, కాగితం నోట్‌బుక్కే. తేదీ, ఎవరితో మాట్లాడారు, ఏమన్నారు, ఏ నంబర్ ఇచ్చారు అన్నది వరుసగా రాయండి. తర్వాత వినియోగదారుల కమిషన్‌కి (ఇలాంటి తగాదాలు తేల్చే కోర్టులాంటిది) వెళ్లాల్సి వస్తే 'తేదీల జాబితా' అడుగుతారు. అది ఈ నోట్‌బుక్కులోంచే వస్తుంది.

1. ఆధారాలు ఈరోజే భద్రం చేయండి

వస్తువు అమ్మిన పేజీ రేపటికి మారిపోవచ్చు. ఫోన్‌లో ఆ పేజీ తెరిచి, షేర్‌లోకి వెళ్లి ప్రింట్ నొక్కి, పీడీఎఫ్‌గా దాచుకోండి. స్క్రీన్‌షాట్ తీస్తే పైన టైమ్ కనిపించాలి, ఆర్డర్ నంబర్ కనిపించాలి. సగానికి కత్తిరించిన స్క్రీన్‌షాట్ ఎందుకూ పనికిరాదు.

వాట్సాప్‌లో మాట్లాడి ఉంటే ఆ చాట్ తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కి, 'మోర్'లోకి వెళ్లి, 'ఎక్స్‌పోర్ట్ చాట్' కొట్టి మీ ఈమెయిల్‌కే పంపుకోండి. ఫొటోలతో సహా పంపండి. అవతలివాళ్లు మెసేజ్ డిలీట్ చేస్తారేమోనన్న బెంగ ఉండదు. అసలు చాట్ మాత్రం ఫోన్‌లోంచి తీసేయకండి. ఫోన్ మార్చినా పాత ఫోన్ కొన్నాళ్లు ఉంచండి.

ఇక అట్టపెట్టె. దీన్ని చాలామంది చింపి చెత్తబండికి ఇచ్చేస్తారు. మా పక్కింటి పిన్నిగారు మూడు జార్ల మిక్సీ ఆర్డర్ పెడితే పెట్టెలో ప్లాస్టిక్ జ్యూసర్ ఒకటి వచ్చింది. విప్పుతూ వీడియో తీయలేదు. కంపెనీ "మేం మిక్సీయే పంపాం" అని తెగేసి చెప్పింది. అదృష్టం కొద్దీ పెట్టె మంచం కింద ఉంది. కొరియర్ లేబుల్ చూస్తే బరువు 700 గ్రాములని అచ్చు పడి ఉంది. మోటారున్న మిక్సీ ఏదైనా అంత తేలిగ్గా ఉంటుందా? పెట్టెని ఎదురుగా ఉన్న కిరాణా కొట్టుకి తీసుకెళ్లి కాటా మీద పెట్టించి, కాటా అంకె, లేబుల్ రెండూ కనబడేలా ఒకే ఫొటో తీశాం. ఆ ఒక్క ఫొటో పంపాక మూడో రోజు రీఫండ్ మెసేజ్ వచ్చింది. తగాదా తేలేదాకా అట్టపెట్టె, లేబుల్, లోపలి బిల్లు పారేయకండి.

2. ముందు అమ్మినవాళ్లకే రాయండి

యాప్‌లో 'హెల్ప్' నొక్కి ఫిర్యాదు పెట్టి టికెట్ నంబర్ తీసుకోండి. అదే రోజు గ్రీవెన్స్ ఆఫీసర్‌కి, అంటే ఆ కంపెనీలో ఫిర్యాదులు చూసే అధికారికి, ఈమెయిల్ కూడా పెట్టండి. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్‌లో అమ్మే ప్రతి సైటూ ఈ అధికారి పేరు, వివరాలు జనానికి కనబడేలా పెట్టాలి. సాధారణంగా పేజీ అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెల లోపల పరిష్కరించాలి.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. కస్టమర్ కేర్ నంబర్ కోసం గూగుల్‌లో వెతకకండి. దొంగ నంబర్లు పెట్టుకుని కూర్చున్నవాళ్లు సరిగ్గా మీలాంటి వాళ్ల కోసమే చూస్తుంటారు. నంబరైనా ఈమెయిలైనా ఆ కంపెనీ యాప్ లోపలినుంచే తీసుకోండి. రీఫండ్ ఇవ్వడానికి మీ పిన్ గానీ ఓటీపీ గానీ ఎవరికీ అక్కర్లేదు.

ఎలా రాయాలంటే ఇలా:

"ఆర్డర్ నంబర్ ఫలానా. ఫలానా తేదీన యూపీఐ ద్వారా 3,499 రూపాయలు చెల్లించాను, లావాదేవీ నంబర్ ఫలానా. ఫలానా తేదీన వచ్చిన పార్సిల్‌లో నేను కొన్న మిక్సీకి బదులు జ్యూసర్ ఉంది. ఫొటోలు, లేబుల్, బిల్లు జతచేశాను. వస్తువు వెనక్కి తీసుకుని, పూర్తి మొత్తం నేను చెల్లించిన ఖాతాకే ఫలానా తేదీలోగా జమ చేయండి. లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను."

అంతే. ఇంతకంటే పొడుగు వద్దు. తిట్లు అసలు వద్దు. కోపం రావడం న్యాయమే, కానీ మీరు రాసింది రేపు కమిషన్ ముందు కూడా చదువుతారు. ఏం కావాలో తేల్చి అడగండి: డబ్బా, వస్తువా, రిపేరా? "న్యాయం చేయండి" అని రాస్తే వాళ్లు వంద రూపాయల కూపన్ ఇచ్చి టికెట్ మూసేస్తారు.

బెంగళూరులోనో గురుగ్రామ్‌లోనో కూర్చున్నవాళ్లు చదవాలి కాబట్టి కింద ఇంగ్లీషు కూడా పెడితే పని త్వరగా అవుతుంది. ట్రాన్స్‌లేషన్ యాప్‌తో చేసుకోవచ్చు. చేశాక తేదీలు, రూపాయలు, ఆర్డర్ నంబర్ మీ కళ్లతో ఒకటికి రెండుసార్లు సరిచూడండి.

3. డబ్బు వెళ్లిన దారిలో కూడా అడగండి

యూపీఐలో డబ్బు కట్ అయ్యి అవతలికి చేరకపోతే మీరు దుకాణదారుడితో వాదించక్కర్లేదు. 2019 సెప్టెంబర్‌లో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ ఉంది. మనిషికి పంపింది ఫెయిలైతే మర్నాటికల్లా, వ్యాపారికి కట్టింది ఫెయిలైతే లావాదేవీ రోజు తర్వాత 5 రోజుల్లోపు దానంతటదే వెనక్కి రావాలి. ఆ గడువు దాటితే ఆలస్యమైన ప్రతి రోజుకీ 100 రూపాయల చొప్పున ఇవ్వాలి. రాకపోతే యాప్‌లో ఆ లావాదేవీ తెరిచి ఫిర్యాదు నమోదు చేయండి, ఆ తర్వాత బ్యాంకుకి రాయండి. ఆ 100 రూపాయల సంగతి ఈమెయిల్‌లో తప్పకుండా ప్రస్తావించండి.

పొరపాటున వేరే నంబర్‌కి పంపేస్తే సంగతి వేరు. లావాదేవీ సక్రమంగానే జరిగినట్టు లెక్క కాబట్టి అవతలివాళ్ల ఒప్పుకోలు లేకుండా బ్యాంకు వెనక్కి లాగలేదు. ఆలస్యం చేయకుండా మీ బ్యాంకుకి రాయండి.

కార్డుతో కట్టి ఉంటే, కార్డు ఇచ్చిన బ్యాంకుని 'చార్జ్‌బ్యాక్' అడగండి. ఈ మాట చాలామందికి తెలియదు. వస్తువు రాలేదనో, తప్పు వస్తువు వచ్చిందనో చెప్పి రుజువులు ఇస్తే బ్యాంకు అమ్మకందారు బ్యాంకు నుంచి డబ్బు వెనక్కి అడుగుతుంది. దీనికి గడువుంటుంది. కంపెనీ జవాబు కోసం నెలల తరబడి ఎదురుచూస్తూ ఈ దారి మూసుకోవద్దు.

బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారికి) సీఎంఎస్ డాట్ ఆర్‌బీఐ డాట్ ఓఆర్‌జీ డాట్ ఇన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. ఫీజు లేదు. బ్యాంకుకి ముందు రాయకుండా సరాసరి అక్కడికి వెళితే మాత్రం తిప్పి పంపేస్తారు. మళ్లీ అదే మాట: ముందు రాసినట్టు రుజువు కావాలి.

4. 1915కి వెళ్లండి

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబర్ 1915. తెలుగులో మాట్లాడొచ్చు. కన్స్యూమర్‌హెల్ప్‌లైన్ డాట్ గవ్ డాట్ ఇన్‌లోనూ, ఉమాంగ్ యాప్‌లోనూ కూడా ఫిర్యాదు పెట్టొచ్చు. నేనైతే సైట్‌లోనే పెట్టిస్తాను, ఎందుకంటే కాగితాలు అక్కడే జతచేయొచ్చు.

ఈ హెల్ప్‌లైన్ తీర్పు చెప్పదు. మీ ఫిర్యాదుని కంపెనీకి పంపి, జవాబు రాబడుతుంది. పెద్ద కంపెనీలు చాలావరకు దీనికి అనుసంధానమై ఉన్నాయి కాబట్టి కస్టమర్ కేర్‌లో వారాల తరబడి కదలని ఫైలు ఇక్కడ కదలడం నేను చాలాసార్లు చూశాను. వచ్చిన డాకెట్ నంబర్ (మీ ఫిర్యాదు నంబర్) నోట్‌బుక్కులోకి ఎక్కించండి.

5. అయినా తేలకపోతే, జిల్లా కమిషన్, ఇంటినుంచే

కేసు అనగానే జనం వెనకడుగు వేస్తారు. "మూడువేల కోసం లాయర్ని పెట్టుకోవాలా?" అని. అక్కర్లేదు. మీ కేసు మీరే వేసుకోవచ్చు. కొన్నదానికి మీరు చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు. చెల్లించింది 50 లక్షల వరకూ ఉంటే జిల్లా కమిషనే వింటుంది. కంపెనీ ఎక్కడున్నా సరే, మీరు ఉంటున్న చోట కేసు వేయొచ్చని 2019 వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది. విశాఖలో ఉండేవాళ్లు విశాఖలోనే వేసుకోవచ్చు. ఇక్కడ జిల్లా కమిషన్లు రెండున్నాయి. తగాదా మొదలైనప్పటినుంచి 2 ఏళ్లలోపు వేయాలి.

2025 జనవరి 1న మొదలైన ఈ-జాగృతి పోర్టల్‌లో ఇదంతా ఆన్‌లైన్‌లోనే అవుతుంది. చేయవలసింది ఇది:

క) మొబైల్ నంబర్, ఈమెయిల్ ఇచ్చి ఖాతా తెరవండి. పక్కింటి అబ్బాయి ఈమెయిల్ ఇవ్వొద్దు. నోటీసులు, వాయిదాల సమాచారం అన్నీ దానికే వస్తాయి. అతను చదువుకోడానికి హైదరాబాద్ వెళ్లిపోతే మీ వాయిదా కూడా అతనితో పోతుంది.

ఖ) ఫిర్యాదు, తేదీల జాబితా, ఎదుటి పార్టీల చిరునామాలు, అఫిడవిట్ (రాసిందంతా నిజమని ప్రమాణం చేసే పత్రం), రుజువులు పీడీఎఫ్‌లుగా సిద్ధం చేసుకోండి. అఫిడవిట్ నోటరీ చేయించాలి. ఎదుటి పార్టీల్లో వస్తువు అమ్మినవాళ్లనీ, యాప్ నడిపే కంపెనీనీ ఇద్దరినీ చేర్చండి. ఒక్కరినే పెడితే "తప్పు నాది కాదు, వాళ్లది" అంటారు.

గ) కాగితాలు వెలుతురులో, నేరుగా పైనుంచి స్కాన్ చేయండి. నీడ పడి చదవలేని బిల్లుల వల్ల ఎన్నో ఫైళ్లు అభ్యంతరాలతో వెనక్కొస్తాయి. ప్రతి పేజీకీ నంబర్ వేసి, ముందొక విషయసూచిక పెట్టండి.

ఘ) పంపాక వదిలేయొద్దు. వారానికి రెండుసార్లు లాగిన్ అయి చూడండి. 'లోపాలు సరిచేయండి' అని వస్తే గడువులోగా సరిచేసి మళ్లీ పంపాలి.

నోటీసు అందాక అవతలివాళ్లకి జవాబుకి 30 రోజులు, మహా అయితే ఇంకో 15. విచారణ వీడియోలో కోరుకోవచ్చు. ఆరోజు ఫోన్‌ని గోడకో డబ్బాకో ఆనించి, మీ ముఖం మీద వెలుగు పడేలా కూర్చుని, కాగితాలు పేజీ నంబర్ల ప్రకారం పక్కన పెట్టుకోండి. మధ్యలో రాజీకి అవకాశం కనిపిస్తే కమిషనే మధ్యవర్తిత్వానికి పంపొచ్చు. చట్టం 3 నుంచి 5 నెలల గడువు పెట్టింది గానీ, ఎక్కువ పట్టొచ్చని ముందే మనసుని సిద్ధం చేసుకోండి.

హెచ్చరిక: తిరిగి అమ్ముకోడానికి కొన్న సరుకైతే మీరు చట్టం దృష్టిలో వినియోగదారులు కారు. పొట్టకూటి కోసం స్వయంగా పనిచేసుకునే వాళ్లకి మినహాయింపు ఉంది. బట్టలు కుట్టుకుని బతికే ఆవిడ కొనుక్కున్న కుట్టుమిషన్ ఇందులోకి వస్తుంది.

6. ఇంటి అడ్వాన్సు, చేబదులు లాంటివైతే

అద్దె ఇల్లు ఖాళీ చేశాక అడ్వాన్సు ఇవ్వట్లేదని అడిగేవాళ్లూ తక్కువేం కాదు. అది వినియోగదారుల కమిషన్ పని కాదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లి, కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో పెట్టమని అర్జీ ఇవ్వండి. 15100కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. అక్కడ రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. కాబట్టి సంతకం పెట్టేముందు అంకెలు చదవండి.

అసలు తగాదా రాకుండా

కొనేవాళ్లకి: పార్సిల్ విప్పేటప్పుడు వీడియో ఆపకుండా తీయండి. ముందు లేబుల్, తర్వాత నాలుగువైపులా టేపు, ఆ తర్వాత కోయడం. కోశాక మొదలుపెట్టిన వీడియోకి విలువ లేదు. ఖరీదైన వస్తువుకి, డెలివరీ అబ్బాయి ముందే విప్పి చూసే వీలుంటే అదే ఎంచుకోండి.

వాట్సాప్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో చీరలు, పచ్చళ్లు అమ్మే అక్కచెల్లెళ్లకి: మీరూ ఇదే బాధ అవతలివైపునుంచి పడుతున్నారని నాకు తెలుసు. డబ్బు తీసుకునేముందు ఒక్క మెసేజ్ పెట్టండి: ఏ వస్తువు, ఏ రంగు, ఎంత, ఎప్పటికి చేరుతుంది, ఏ సందర్భంలో వెనక్కి తీసుకుంటారు. కొనేవాళ్లతో "సరే" అనిపించుకోండి. చీర రంగు ఫోన్‌లో ఒకలా, ఎండలో ఒకలా ఉంటుంది కాబట్టి పగటి వెలుతురులో తీసిన ఫొటోయే పంపండి. ప్యాక్ చేసేటప్పుడు కాటా మీద పెట్టి వీడియో తీయండి. ఎవరైనా "డబ్బు పంపేశాను" అని స్క్రీన్‌షాట్ చూపిస్తే దాన్ని నమ్మకండి, మీ ఖాతాలో చూసుకున్నాకే సరుకు పంపండి.

అద్దెకి దిగేవాళ్లు సామాను దించకముందే గోడలు, కుళాయిలు, మీటర్ రీడింగు వీడియో తీసి ఇంటివారికి పంపాలి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

ఒకే ఫిర్యాదుని పది చోట్ల ఒకేసారి పెట్టి, ఏది ఎక్కడికి వచ్చిందో మర్చిపోవడం. ట్విట్టర్‌లో కంపెనీని తిడుతూ ఆర్డర్ నంబర్, ఫోన్ నంబర్ అందరికీ కనబడేలా పెట్టేయడం, గంటలో దొంగ కస్టమర్ కేర్ నుంచి ఫోన్ రావడం. వస్తువు వాడేసి తర్వాత తప్పు వచ్చిందనడం. "పైవాళ్లతో మాట్లాడి చెబుతాం" అన్న మాట నమ్మి గడువులు దాటిపోనివ్వడం. ఫోన్‌లో ఎవరైనా హామీ ఇస్తే, పెట్టేసిన పది నిమిషాల్లో "ఇప్పుడు మీరు ఫోన్‌లో ఫలానా తేదీలోగా రీఫండ్ అన్నారు" అని ఈమెయిల్ పెట్టండి.

డబ్బు వచ్చిందని ఎలా తెలుస్తుంది?

ఎస్సెమ్మెస్ చూసి సంబరపడొద్దు. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో జమ కనిపించాలి. యాప్ 'రీఫండ్ పూర్తయింది' అంటూ, మీ ఖాతాలో కనబడకపోతే రిఫరెన్స్ నంబర్ అడగండి. దాన్ని బ్యాంకుకిస్తే ఎక్కడ ఆగిందో చెబుతారు. కొన్ని యాప్‌లు డబ్బుని తమ వాలెట్‌లోనే వేస్తాయి. "నేను చెల్లించిన ఖాతాకే" అని మొదటి ఈమెయిల్‌లో రాయమన్నది ఇందుకే. మొత్తం సరిగ్గా ఉందా, డెలివరీ చార్జీలు కోశారా, వెనక్కి పంపిన కొరియర్ ఖర్చు ఇచ్చారా అనేది కూడా సరిచూసుకోండి.

డబ్బు రాకుండానే టికెట్ మీద 'పరిష్కరించబడింది' అని మూసేస్తే, అదే రోజు "పరిష్కారం కాలేదు, మళ్లీ తెరవండి" అని జవాబు రాసి ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీయండి. కమిషన్ ఉత్తర్వు వచ్చాక కూడా కంపెనీ కట్టకపోతే, అదే కమిషన్‌లో అమలు కోసం అర్జీ వేయాలి. ఉత్తర్వు పాటించకపోతే జైలు శిక్ష, కనీసం 25,000 రూపాయల జరిమానా చట్టంలో ఉన్నాయి. ఆ అర్జీకి మొదటి కాగితం ఉత్తర్వు ధ్రువీకృత నకలు కాబట్టి, అది చేతికి రాగానే స్కాన్ చేసి మీ ఈమెయిల్‌కి ఒక కాపీ పంపుకోండి.